పొట్టేలుకు సెలవు: ఒక దసరా ఆట డైరీ

జూన్ 22, ఆదివారం

పండుగల ఆర్డర్లు ఎప్పుడెప్పుడు మీద పడతాయో చూద్దామని దుకాణంలో గోడ క్యాలెండరు తిప్పుతుంటే అక్టోబరు 2 గడి దగ్గర చేయి ఆగింది. ఒకే గడిలో రెండు బొమ్మలు. పైన గాంధీ కళ్ళద్దాలు, కింద జమ్మి కొమ్మ. 2025లో దసరా గాంధీ జయంతి నాడే వచ్చింది.

దసరా అంటే మా నల్లగొండ వైపు ముందు జమ్మి, తరువాత మటన్. ఈ వరుస పెద్దవాళ్ళ ముందు చెప్పేది, ఇంట్లో అసలు వరుస వేరు. గాంధీ జయంతి అంటేనేమో మద్యం దుకాణాలు బందు, మాంసం కొట్లకు తాళం. అంటే ఈ ఏడు జిల్లాలోని పొట్టేళ్ళన్నిటికీ సర్కారే సెలవు ఇచ్చినట్టు లెక్క. ఆ మాట తట్టగానే ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. సెలవంటే విశ్రాంతి కూడా, 'ఇక సెలవు' అని వెళ్ళిపోవడం కూడా. ఆట కంటే ముందు దాని పేరు పుట్టింది.

అనుకున్నది ఇది. అక్టోబరు 1 సాయంత్రం ఆరు గంటలు. ఆడేవాడు ఒక పొట్టేలు. మా నల్లగొండ రామగిరిలో ఒక ఇంటి ముందు వేపచెట్టుకు కట్టేసి ఉంటాడు. అర్ధరాత్రి పన్నెండు దాకా ప్రాణాలు నిలుపుకుంటే చాలు, ఆ పైన గాంధీ తాత చూసుకుంటాడు.

మూడు నెలల పది రోజులు ఉంది. నేను గడియారం సెంటరు దగ్గర ఒక ఫ్లెక్సు దుకాణంలో డిజైనర్‌ను, ప్రోగ్రామర్‌ను కాను. నా అనుభవమంతా యూట్యూబు చూసి చేసిన ఒక పాము ఆట. అందులో పాము తన తోకను తానే హాయిగా దాటుకుంటూ పోతుంది.

జూన్ 29

ఆటలు తయారుచేసే గోడో ఇంజనులో చేస్తున్నాను, 4.4 వెర్షను. ఉచితం, దుకాణంలోని పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. పేరు చెబితే అమ్మ 'ఏ గోడ?' అని అడిగింది. నాలుగో తరం తీసుకోవడానికి కారణం తెలుగు. ఒత్తులూ గుణింతాలూ అక్షరానికి సరిగా అతుక్కోవాలంటే ఇంజనులో ఆ పని చేసే భాగం ఉండాలి. గోడోలో అది 4.0తోనే వచ్చింది.

ఇంత తెలిసీ మొదటి రోజే బోర్లా పడ్డాను. మాటలన్నీ అలవాటు కొద్దీ దుకాణంలో వాడే పాత డీటీపీ ఫాంటులో కొట్టి తెచ్చి అతికించాను. ఆ ఫాంట్లలో తెలుగు అనేది కంటికి కనిపించే బొమ్మ మాత్రమే, అడుగున ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. తెర మీద పొట్టేలు నోట అచ్చమైన చెత్త వచ్చింది. ఇన్నేళ్ళుగా పెళ్ళిపత్రికలూ శ్రద్ధాంజలి ఫ్లెక్సులూ కొట్టిన చేతులకు అడుగున కూడా తెలుగే ఉండే యూనికోడ్ కీబోర్డు మళ్ళీ ఓనమాల నుంచి నేర్పాల్సి వచ్చింది.

ఫాంటు మాత్రం వెంటనే కుదిరింది: సురవరం. గోల్కొండ పత్రిక నడిపిన మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద ఉన్న ఉచిత ఫాంటు. శీర్షికలకు బలంగా ఉంటుంది. 'నీ తలకాయ బుక్ అయింది' లాంటి మాట దానిలో చదివితే ఒక గాంభీర్యం వస్తుంది.

అక్షరాలు ఒక్కొక్కటిగా రాలే టైపురైటర్ పద్ధతి పెట్టాను. అక్కడ ఒక విచిత్రం దొరికింది. 'పొట్టేలు' మన కంటికి మూడక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఎనిమిది ముక్కలు. ఒక్కో ముక్కా వస్తుంటే తెర మీద ఇలా పడుతుంది: ప, పొ, పొట, పొట్, పొట్ట, పొట్టే, పొట్టేల, పొట్టేలు. ఐదో మెట్టు మీద ఆగితే పొట్ట. ముక్కలను అతికించిన తరువాతే లెక్కపెట్టమని చెప్పే అమరిక గోడోలో ఉంది, మిగతా మాటలన్నిటికీ అది పెట్టాను. ఈ ఒక్క మాటను పాత పద్ధతిలోనే వదిలి, 'పొట్ట' దగ్గర అర సెకను ఆగేలా చేశాను. ఇన్ని నెలల్లో నేను రాయబోయే హాస్యమంతా కలిపినా దీనికి సరితూగదేమోనని అప్పుడే భయం వేసింది.

జూలై 6

ఫ్లెక్సు వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? పొట్టేలును ఆరడుగులు, నాలుగడుగుల ఫ్లెక్సు కొలతలోనే గీశాను. అంగుళానికి 72 చుక్కల లెక్కన అది 5184 అడ్డం, 3456 నిలువు. ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు. ఒక్క బొమ్మకే 70 ఎంబీ దాటింది, నడకకు ఎనిమిది బొమ్మలు. పొట్టేలు నాలుగు అడుగులు వేసేసరికి 570 ఎంబీ మింగింది. అక్క ఫోనులో వేసి చూస్తే ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది.

ఇప్పుడు పొట్టేలు వెడల్పు 128 చుక్కలు. ఉన్ని మీద వెంట్రుక వెంట్రుకా గీసిన రెండు రాత్రుల కష్టం ఒక గోధుమరంగు మచ్చగా మిగిలింది.

జూలై 13

మనుషులు కావాలి. పొట్టేలును తరిమే వీధి జనం ఓ ఇరవై మంది. కూర్చుని గీసే ఓపిక లేదు. దుకాణం కంప్యూటరులో మాత్రం తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని రెండు చేతులూ జోడించిన శరీరాలు వందల్లో ఉన్నాయి. శుభాకాంక్షల ఫ్లెక్సులకు మేమే తయారు చేసి పెట్టుకున్నవి, తల ఎవరిది కావాలంటే వాళ్ళది అతికిస్తాం. అన్నిటికీ నా తలే అతికించాను. కొన్నిటికి మీసం పెట్టాను, కొన్నిటికి బట్టతల.

నడిపి చూస్తే ఇరవై మంది నాలాంటివాళ్ళు రెండు చేతులూ జోడించి, చిరునవ్వు చెరగకుండా పొట్టేలును తరుముతున్నారు. మెడకు తాడు వేసేటప్పుడు కూడా దండమే. పరిగెత్తే చేతులు తరువాత గీద్దామనుకున్నాను. ఇక గీయను.

జూలై 20, ఊళ్ళో

కనగల్ మండలంలోని మా ఊరికి వెళ్ళి నాయనకు చూపించాను. ఆయన చిన్నప్పటి నుంచి గొర్రెలు కాసినవాడు. ఫోను దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి కాసేపు చూసి, "ఇది గొర్రె కాదురా, గొర్రె వేషం వేసుకున్న కుక్క" అన్నాడు.

వరసగా మూడు తప్పులు చూపించాడు. మొదటిది చూపు. నేను పొట్టేలు ముందు మాత్రమే వెలుతురు పెట్టి మిగతా అంతా చీకటి చేశాను. మనిషి చూపు అట్లా ఉంటుంది. గొర్రె కంటిపాప అడ్డంగా చీల్చినట్టు ఉంటుంది, కళ్ళు తలకు చెరో పక్కన ఉంటాయి. చుట్టూ సుమారు 300 డిగ్రీలు చూస్తుంది, కనపడనిది సరిగ్గా వీపు వెనక ముక్క మాత్రమే. అందుకే కాపరి వెనక నుంచి వెళ్ళి వెనక కాలు దొరకపుచ్చుకుంటాడు. మంచం కోడుకు కట్టేసిన పొట్టేలు దగ్గరికి నన్ను తీసుకుపోయి చూపించాడు. పక్కన నిలబడి చేయి ఊపితే చెవులు కదిలాయి. సరిగ్గా తోక వెనకకు జరిగితే దానికి నేను లేనట్టే, మెల్లగా నెమరు వేసుకుంటోంది. ఆ క్షణంలో ఆట మొత్తం తిరగబడింది. ఇప్పుడు తెర అంతా వెలుతురు, పొట్టేలు వెనక మాత్రం తాటిమట్టంత చీకటి. ఎవరు వచ్చినా అందులోంచే వస్తారు.

రెండోది గుంపు. గొర్రె ఒంటరిగా నిర్ణయాలు తీసుకోదు, ముందు గొర్రె ఎటు పోతే అటు పోతుంది. కాబట్టి తెర మీద ఇంకో గొర్రె కనిపిస్తే మూడు సెకన్లు ఆడేవాడి చేతిలో ఏమీ ఉండదు, పొట్టేలు దాని వెంట పోతుంది. అది కసాయి బండి ఎక్కుతున్నా సరే. దీన్ని ఆడిన ప్రతి ఒక్కరూ నా బగ్గు అనుకుంటున్నారు. కాదు, అది గొర్రె.

మూడోది బేరం. నేను ధర తెర మీద చూపించాను. అంగడిలో పాతకాలం బేరం తువ్వాలు కింద, వేళ్ళు పట్టుకుని జరిగేది. నోరు తెరిచి పళ్ళు చూస్తారు, రెండు పళ్ళు మారి ఉంటే వయసు తెలుస్తుంది. నడుము మీద చేయి వేసి కండ నొక్కుతారు. ఆ తరువాత తువ్వాలు కప్పుతారు. ఆడేవాడికి ఇప్పుడు కదిలే తువ్వాలు మాత్రమే కనిపిస్తుంది, తన ధర ఎంతో ఆట అయిపోయినా తెలియదు. పొట్ట లోపలికి పీల్చుకుని బక్కగా కనిపించే మీట ఒకటి పెట్టాను. బాగా ఆడితే ఎవరూ కొనరు. 'వచ్చే వారం మళ్ళీ అంగడి' అని తెర వస్తుంది, మళ్ళీ అదే తువ్వాలు.

బస్సు ఎక్కేటప్పుడు నాయన 2017 నాటి గొర్రెల పంపిణీ గుర్తు చేశాడు. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అందరూ 'ఇరవై ప్లస్ ఒకటి' అనేవారు. మొదటి తెర మీద పొట్టేలు పేరు ఇప్పుడు 'ప్లస్ ఒకటి'.

ఆగస్టు 3

ప్రాణం ఎంత మిగిలిందో చూపించే ఎర్ర గీత తీసేశాను. అన్ని ఆటల్లోనూ ఉండేదే. దాని స్థానంలో ఒక పలక. పలక మీద తొమ్మిది వరుసలు: తలకాయ, భేజా, కార్జం, గుర్దాలు, బోటి, తొడ, జబ్బ, పక్కటెముకలు, కాళ్ళు. ఎవరి కంటనైనా పడినప్పుడల్లా ఒక వరుస ఎదురుగా సుద్దముక్కతో ఒక పేరు పడుతుంది. 'తలకాయ: చిన్నత్త.' 'బోటి: పక్కింటి మామ, సగం.' తొమ్మిదీ నిండితే ఆట ముగిసినట్టు.

ఊళ్ళల్లో పోగులు వేసుకునేటప్పుడు నిజంగా జరిగేది ఇదే. యాట నిలబడి ఆకు మేస్తుండగానే కార్జం ఎవరికి, కాళ్ళు ఎవరికి అన్న మాటలు దాని తల మీదుగా నడుస్తుంటాయి. నేను కొత్తగా కనిపెట్టింది సుద్దముక్క ఒక్కటే.

పాలపిట్ట కనిపిస్తే ఒక పేరు చెరిగిపోతుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభం అంటారు కదా.

ఆగస్టు 10

తాడు సాగుతోంది. పొట్టేలు పానగల్లు చెరువు కట్ట దాకా వచ్చినా మెడకు తాడు ఉంది, రెండో కొస రామగిరిలోనే ఉంది. బిగించాను. ఈసారి పొట్టేలు కదిలితే వేపచెట్టు వేళ్ళతో సహా వెంట వచ్చింది. చెట్టును కదలని వస్తువుగా కాకుండా బరువున్న వస్తువుగా పెట్టానట. పొట్టేలు ముందు, చెట్టు వెనక, దండాలు పెడుతూ నేను ఇరవై మందిని. ప్రకాశం బజారులో కొట్ల బల్లలన్నీ ఎగిరిపోయాయి.

సరిచేశాను. ఏడో తరగతి చదివే మేనకోడలు చూసి, "మామా, చెట్టు రాకపోతే నేను ఆడను" అంది. మళ్ళీ చెడగొట్టాను.

ఆగస్టు 17

కత్తి చప్పుడు కోసం వీధి చివర మటన్ కొట్టు చాచా దగ్గరికి పొద్దున ఆరింటికి వెళ్ళాను. ఫోనును పాలకవరులో చుట్టి మొద్దు పక్కన పెట్టాను. చింత మొద్దు. నడుమ అరిగి గిన్నెలాగా గుంట పడింది. చాచా ముందు రెండు కత్తులు ఒకదానితో ఒకటి రాసి పదును చూసుకున్నాడు, ఆ చప్పుడు సన్నగా, పొడిగా ఉంది. తరువాత ఎముక మీద వేటు. వినగానే తెలిసింది, నేను ఇంటర్నెట్‌లో తెచ్చుకున్నది ఎంత అబద్ధమో. అసలు వేటులో రెండు శబ్దాలు ఉంటాయి, ఎముక ముందు పలుకుతుంది, మొద్దు తరువాత పలుకుతుంది. ఎముక లేని చోట మొద్దు ఒక్కటే పలుకుతుంది. చాచా చూడకుండానే చెవితో ముక్కలు చేస్తున్నాడు. మాట్లాడుతూనే ఉన్నాడు, చేయి ఆగలేదు.

ఆట కథ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"సెలవు ఎవరికి బేటా?" అన్నాడు.

"పొట్టేలుకు, చాచా."

"సెలవు నాకు. రెండో తారీఖు కొట్టు మూసుకుని ఇంట్లో పడుకుంటాను. పొట్టేలుకు సెలవెక్కడిది? ఒకటో తారీఖు రెండింతలు కొయ్యాలి. ఇంట్లో యాట కట్టేసుకున్నవాడు కొట్టు తెరిచి ఉందా లేదా చూస్తాడా?"

అరకిలో తీసుకుని ఇంటికి వచ్చాను. నా కథ మొత్తం నిలబడింది అర్ధరాత్రి పన్నెండు మీద. ఆ పన్నెండులో ఏమీ లేదని మటన్ కొట్టే మనిషి రెండు ముక్కల్లో చెప్పేశాడు.

రాత్రి చప్పుడు ఆటలో పెడితే అక్క రెండో వేటుకే ఫోను బోర్లించింది. మరీ నిజంగా ఉంది. తీసేసి, వంటింట్లో సొరకాయ నరికి రికార్డు చేశాను. మెత్తగా, కొంచెం నీళ్ళగా, నవ్వొచ్చేలా వచ్చింది. చాచా చప్పుళ్ళలో కత్తుల రాపిడి ఒక్కటే మిగుల్చుకున్నాను.

ఆగస్టు 20 నుంచి సెప్టెంబరు 6 దాకా

వినాయకులు. మండపానికి ఒక ఫ్లెక్సు, ఫ్లెక్సుకు ముప్పై తలకాయలు. ఆట తెరవలేదు.

సెప్టెంబరు 9

పొట్టేలు వెళ్ళిపోయినా దాని నీడ వేపచెట్టు కిందే పడి ఉంటోంది. నీడ బొమ్మను పొట్టేలుకు కాక నేలకు అతికించాను. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు ఎటు తిరిగినా లింగం మీది నీడ కదలదు. అది స్తంభాల అమరికతో, లోపలికి వచ్చే వెలుతురుతో సాధించిన పనితనం. నాది నిద్రమత్తు. పైగా తరిమేవాళ్ళలో సగం మంది ఆ నీడ చుట్టూ దండాలు పెడుతూ తిరుగుతున్నారు, ఆడేవాడికి అది మేలే చేస్తోంది. సరిచేయడం వాయిదా.

సెప్టెంబరు 14

బావ ఆటల కోసమే కొన్న లాప్‌టాప్‌లో వేశాడు. మీట నొక్కగానే పొట్టేలు గడియారం స్తంభం మీదుగా ఎగిరి పటం అవతల పడింది. దుకాణం తెర సెకనుకు 60 సార్లు గీస్తుంది, ఆయనది 144 సార్లు. నేను గీసినప్పుడల్లా ఐదు చుక్కలు జరగమని రాశాను, అందుకని అక్కడ 2.4 రెట్ల వేగం. గడిచిన కాలంతో గుణించాలని ప్రతి పాఠంలోనూ చెబుతారు. ప్రతి పాఠంలోనూ ఆ ముక్క ముందుకు తోసేశాను. డెల్టా అనే ఆ ఒక్క కాలం ముక్కను తగిలించడానికి పదిహేడు చోట్ల వెతికాను.

"పండుగకు వస్తుందా ఇది, వచ్చే పండుగకా?" అన్నాడు బావ. ఇంటల్లుడు కాబట్టి ఊరుకున్నాను.

మర్నాడే గోడో 4.5 వచ్చింది. ముట్టుకోలేదు.

సెప్టెంబరు 21, పెత్తరమాస

ఎంగిలి పూల బతుకమ్మ. అక్క తంగేడు, గునుగు తెచ్చి వాకిట్లో పోసింది, ఇల్లంతా పచ్చివాసన. నేనూ ఆటలో బతుకమ్మ పెట్టాను. నడుమ ఒక బతుకమ్మ, చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు. ఒక్కొక్కరి కోణం కొద్దికొద్దిగా పెంచుతూ సైను, కొసైనులతో వలయంలో తిప్పడం. పదో తరగతి తరువాత మొదటిసారి ఆ రెండూ నాకు పనికొచ్చాయి.

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "అటు కాదు తిరగడం" అంది. బడిలో నేర్చుకున్న లెక్కలో నిలువు గీత పైకి పెరుగుతుంది, తెర మీద కిందికి పెరుగుతుంది. అందుకే వలయం ఎదురు తిరిగింది. సైను ముందు ఒక మైనస్ పెట్టాను. "చప్పట్లు కూడా వంగి లేచేటప్పుడు పడాలి, ఎప్పుడు పడితే అప్పుడు కాదు" అంది. దానికి మాత్రం గంటన్నర పట్టింది. చివరికి అమ్మ, అక్క, పక్కింటి పెద్దమ్మ ముగ్గురినీ వాకిట్లో నిలబెట్టి ఉత్త చప్పట్లు రికార్డు చేశాను.

పొట్టేలు వలయంలోకి దూరితే దానికి కూడా ఒక కోణం ఇచ్చేశాను, ఆడవాళ్ళ నడుమ అదీ తిరుగుతుంది. మీట నొక్కితేనే బయటికి వస్తుంది. లోపల ఉన్నంతసేపు ఎవరూ పట్టుకోరు. బతుకమ్మ ఆడుతున్న చోటికి తాడు పట్టుకుని రావడానికి ఆ తెల్లచొక్కాల వాళ్ళకైనా ధైర్యం ఉండదు కదా. నడక, పరుగు కాక 'వలయం' అని మూడో స్థితి రాశాను. ఇప్పటివరకు రాసిన కోడులో శుభ్రంగా ఉన్న ముక్క ఇదే.

సెప్టెంబరు 25

మేనకోడలు ఇరవై నిమిషాలుగా ఆడుతోంది. నా లెక్కలో ఆటలో గంటకు రెండు నిమిషాలు, ఆరు నుంచి పన్నెండుకు పన్నెండు నిమిషాలు చాలు. వెళ్ళి చూస్తే ఆటలో తెల్లవారుజాము నాలుగైంది, పొట్టేలు ఇంకా పరిగెడుతోంది. గంట 24 అయితే ముగించు అని రాశాను. కానీ నా గడియారం 23 తరువాత 24కు పోదు, సున్నాకు పోతుంది. ఇరవై నాలుగు ఎప్పటికీ రాదు.

హడావిడిగా గడియారం కోడు మొత్తం తీసి పొట్టేలు నడక, పరుగు స్థితుల్లోకి మార్చాను. సున్నా రాగానే చివరి తెర. ఇప్పుడు పనిచేస్తోంది.

ఆ చివరి తెరనే మార్చాను. మొదట అనుకున్నది: పన్నెండు కొట్టగానే టపాకాయలు, 'నువ్వు గెలిచావు', పొట్టేలు మెడలో బంతిపూల దండ. ఇప్పుడు దండ దాకా అంతే. తరువాత తెల్లవారుతుంది. కొట్టుకు తాళం కనిపిస్తుంది. వీధిలో ఒక్కొక్కరే ఖాళీ గిన్నెలతో వస్తారు. 'కొట్లన్నీ మూసేశారు. మీ ఇంట్లో ఉందటగా?' తొమ్మిది వరుసల పలక తిరిగి వస్తుంది, సుద్దముక్క తనంతట తానే రాస్తుంది. సొరకాయ చప్పుడు లేదు, కత్తుల రాపిడి ఒక్కసారి. తెర నల్లబడుతుంది.

చాచాకు చూపించాను. "ఇప్పుడు సరిగ్గా ఉంది" అని చాయ్ పోయించాడు.

సెప్టెంబరు 28

ఐదుగురితో ఆడించాను. అక్క చివరి తెర దగ్గర కళ్ళు తుడుచుకుని, "పండుగ పూట ఇట్లాంటివి ఎందుకురా" అని, వెంటనే, "ఒకటో తారీఖున మటన్ రెండు కిలోలు చెప్పిపెట్టు, దొరకదు మళ్ళీ" అంది. రెండు మాటల నడుమ ఊపిరి తీసుకున్న గుర్తు కూడా లేదు. నేను రాసిన మాటలన్నీ తీసేసి ఇది ఒక్కటి పెట్టుకోవచ్చు. పెట్టలేదు, అక్క గుర్తుపడుతుంది.

దుకాణంలో మిషన్ మీద పనిచేసే కుర్రాడు నవ్వాడు గానీ, నేను నవ్వించాలనుకున్న చోట కాదు. వేపచెట్టు దగ్గర. మా ఓనరు ఇరవై తలలూ నావే అని చూసి, "ఫోటో వాడుకున్నందుకు డబ్బులు ఎవరికి ఇస్తావు?" అన్నాడు. బావకు పాలపిట్ట ఒక్కసారీ కనబడలేదట. చూస్తే అది పటానికి నాలుగు వేల చుక్కల పైన, ఎవరూ చూడని ఆకాశంలో పుట్టి అక్కడే ఎగురుతోంది. కిందికి దించే టైము లేదు. నిజం పాలపిట్టను మాత్రం మేం చూసి ఎన్నేళ్ళయింది?

సెప్టెంబరు 30, సద్దుల బతుకమ్మ

ఇచ్ డాట్ ఐఓ అనే ఆటల సైటులో పెట్టాను, చుట్టాలకు ఫైలు వాట్సాప్‌లో పంపాను. తెలిసి తెలిసి వదిలేసిన లోపాలు: నీడ, చెట్టు, పాలపిట్ట. లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్ల మీద మూడో మలుపులో పొట్టేలు కాళ్ళు రాయిలో ఇరుక్కుంటాయి, తల మాత్రం అరుస్తుంది. బతుకమ్మ ముందు పెట్టిన ప్రసాదం పొట్టేలు తినేస్తే పలక మీద పేర్లు తలకిందులవుతాయి. ఎందుకో అర్థం కాలేదు. చూడటానికి బాగుంది.

ఫోను పెట్టేసి సద్దులకు అమ్మ వెంట చెరువు దాకా బతుకమ్మ మోసుకుపోయాను. చీకట్లో నీళ్ళ మీద పూలు పోతుంటే పక్కనే ఎవరి ఫోనులోనో 'మ్యా' వినిపించింది. మా బావే.

అక్టోబరు 1

చాచా కొట్టు ముందు తెల్లవారకముందే వరుస. నేను ముప్పై ఒకటో మనిషిని. చాచా తల ఎత్తలేదు. ఎముక, మొద్దు. ఎముక, మొద్దు.

అక్టోబరు 2, గురువారం, ఊళ్ళో

పొద్దున జమ్మి ఆకు చేతుల్లో పెట్టి పెద్దలందరి కాళ్ళకూ మొక్కాను. ఊళ్ళో మాంసం సంగతి అడిగితే నాయన, "మన ఊళ్ళో కొట్టు ఎక్కడుంది, మూయడానికి?" అన్నాడు. మంచం కోడు దగ్గర తాడు ఖాళీగా ఉంది. పెరట్లో విస్తర్ల మీద పోగులు సర్దుతున్నారు. సుద్దముక్క లేదు గానీ మాటలు అవే.

మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుంటే మేనకోడలు ఒక చేత్తో తింటూ రెండో చేత్తో వాళ్ళమ్మ ఫోను ఎత్తి పట్టుకుంది. నిన్న రాత్రి నుంచి ఆ ఫోను ఎవరికీ ఇవ్వడం లేదట. తొంగి చూశాను. పన్నెండు మంది ఆడవాళ్ళు, నడుమ బతుకమ్మ, వాళ్ళ సందులో 'ప్లస్ ఒకటి'. చప్పట్లు అమ్మవి, అక్కవి, పెద్దమ్మవి. పైన గడియారం 11:58.

"ఎంతసేపటి నుంచి?"

"నిన్నటి నుంచి. ఇందులో ఉంటే టైము నడవదు మామా. నీకు తెలియదా?"

తెలియదు. గడియారాన్ని నడకలో పెట్టాను, పరుగులో పెట్టాను. వలయంలో పెట్టడం మరిచిపోయాను. ఒక్క గీత అతికిస్తే పోతుంది, రాత్రికే సరిచేసి కొత్త ఫైలు పంపవచ్చు.

అక్క కార్జం ముక్క నా విస్తట్లో వేసింది. పొట్టేలు ఇంకో చుట్టు తిరిగింది.

"నాలుగు శాతమే ఉంది మామా, చార్జరు ఎక్కడ పెట్టావు?" అంది మేనకోడలు. ఎంగిలి చేతిని పైకెత్తి పట్టుకుని, ఎడమ చేత్తో సంచిలో వెతకడం మొదలుపెట్టాను.